ఏకాకి – ఏకాంతం: కావేరీ తీరంలో మూడు దినాలు

శ్రీ గురుభ్యో నమః

బృహదారణ్యకోపనిషత్తు ప్రథమాధ్యాయంలో సృష్ట్యాదిని నిరూపించే ఘట్టం ఒకటి ఉంది. ఆదిలో ఉన్నవాడు ఒక్కడే. ఒక్కడే కావడం వల్ల అతనికి భయం కలిగింది. తనకంటె అన్యమైనది లేనప్పుడు దేనిని చూసి భయపడాలని విచారించగానే ఆ భయం తొలగింది. ఆ వెంటనే శ్రుతి మరొక విషయం చెబుతుంది. అతనికి రతి కలగలేదు, కనుక రెండవదానిని కోరాడు. ఈ భయాన్నీ, ఈ అరతినీ ఆధారంగా చేసుకొని భగవత్పాదులు తమ భాష్యంలో ప్రజాపతి పదవి సైతం సంసారాంతర్గతమేనని నిర్ణయించారు. గురువుగారి సన్నిధిలో భాష్యపాఠం విన్న రోజులలో ఇది నాకు శాస్త్రవిచారం మాత్రమే. భయం పోయిన తరువాత కూడా మిగిలే ఆ లోటు ఎటువంటిదో అనుభవంలోకి వచ్చింది ఇటీవలనే.

కోనసీమలోని ఒక శివాలయంలో అర్చకత్వం మా వంశపారంపర్యం. ప్రతి సంవత్సరం మాఘమాసంలో స్వామివారి కల్యాణానికి నేనూ నా సహధర్మచారిణీ పీటల మీద కూర్చునేవారము. ఆమె శివసాయుజ్యం పొందిన తరువాత ఆ స్థానం మా కుమారునికీ కోడలికీ సంక్రమించింది. శాస్త్రం అదే చెబుతుంది, అందులో విచారించవలసినది లేదు. అయినా నాకు ఒక ప్రశ్న మిగిలిపోయింది: దాంపత్యం పీటల మీద నుండి లేచిన తరువాత ఏమవుతుంది? శ్రీరంగం, జంబుకేశ్వరం చూడాలని మేమిద్దరం ఎన్నో ఏళ్ళు అనుకొన్నాం. ఆబ్దికం పూర్తయ్యాక, తులాసంక్రమణం దాటిన రోజులలో, కార్తీకం ప్రవేశించే లోపల తిరిగి రావాలన్న నియమంతో బయలుదేరాను. పిల్లలు తోడు వస్తామన్నారు, వద్దన్నాను. రాజమహేంద్రవరంలో రైలెక్కి, చెన్నైలో మారి, తిరుచిరాపల్లిలో దిగాను.

శ్రీరంగం కూడా మా కోనసీమ వలె నదీపాయల మధ్య ఉన్న ద్వీపమే. నగరానికి పడమట ముక్కొంబు దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొళ్ళిడం, దక్షిణపు పాయ కావేరి. 1836లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించినది ఆ చీలిక వద్దనే. ఆ అనుభవంతోనే ఆయన తరువాత మా గోదావరికి వచ్చి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తి చేయించారు. స్నానసంకల్పంలో ఆ మహనీయుని స్మరించేవారు మా ప్రాంతంలో నేటికీ ఉన్నారు. ఏకాకిగా రమించలేక రెండైనవాని కథ స్మరణలో ఉండగా ఆ నదిని చూస్తే, అది కూడా రెండవదానిని కోరి చీలినట్లే తోచింది.

మొదటి దినం తెల్లవారుజామున అమ్మ మండపం రేవుకు చేరాను. తులామాసంలో కావేరీస్నానం విశేషం కనుక మెట్ల నిండా జనం ఉన్నారు. అక్కడ నాకు ఎదురైన సమస్య వేదాంతానికి సంబంధించినది కాదు. సంచీ, పొడి పంచె గట్టున పెట్టి నీటిలో దిగితే వాటికి కాపలా ఎవరు? ముప్పది ఏళ్ళుగా నేను మునిగినప్పుడు ఆమె గట్టున ఉండేది, ఆమె మునిగినప్పుడు నేను ఉండేవాడిని. తెలియని భాష, తెలియని ఊరు. మెట్టు మీద నిలబడే ఉండిపోయాను. ప్రక్కన పసుపు రాసుకొంటున్న ఒక వృద్ధురాలు నన్ను చూసి, "తనియా వందీంగళా?" అని అడిగారు. ఒంటరిగా వచ్చారా అని. అవునని తల ఊపాను. సంచీని తన వైపు జరుపుకొని, దిగండి అన్నట్లు చేయి చూపారు. ఆ ఊళ్ళో నా భయం అక్కడితో పోయింది.

క్షేత్రమర్యాదను అనుసరించి స్థానిక పురోహితుని చేతనే సంకల్పం చెప్పించుకొన్నాను. మేము శ్రీశైలం నుండి దిక్కు లెక్కించి దేశసంకీర్తనం చేస్తాం. అక్కడ శ్రీశైల ప్రసక్తి లేదు. గోత్రనామాలు పలికిన తరువాత ఆయన అలవాటుగా "ధర్మపత్నీ" అని మొదలుపెట్టి, నా ప్రక్కకు చూసి, ఒక్క క్షణం ఆగి, ఆ పదాన్ని విడిచి తరువాతి పదాన్ని అందుకొన్నారు. కావేరిలో మూడు మార్లు మునిగాను. భయం లేదు, ఆనందమూ లేదు.

అక్కడి నుండి నేరుగా శ్రీరంగనాథుని దర్శనానికి వెళ్ళాను. సప్తప్రాకారాలతో 156 ఎకరాలలో విస్తరించిన ఆలయమది. వెలుపలి ప్రాకారాలలో ఇళ్ళు, అంగళ్ళు, సత్రాలు ఉన్నాయి. ఊరు ఆలయంలో ఉన్నదో, ఆలయం ఊరిలో ఉన్నదో చెప్పడం కష్టం. నాలుగు శతాబ్దాలకు పైగా అసంపూర్ణంగా నిలిచిన రాజగోపురం అహోబిల మఠం 44వ పీఠాధిపతుల పూనికతో 1987లో పూర్తయింది. ఎత్తు 236 అడుగులు. సంవత్సరమంతా కొళ్ళిడం నుండి వెండి బిందెలతో తెచ్చే తీర్థాన్ని ఈ తులామాసంలో మాత్రం కావేరి నుండి బంగారు బిందెతో ఏనుగు మీద తెస్తారు. దక్షిణాభిముఖుడై శయనించిన స్వామిని దర్శించుకొని, శ్రీరంగనాయకీ సన్నిధికి వెళ్ళాను. గడప దాటని పత్ని అని ఆ తల్లికి ప్రసిద్ధి. ఆమె ఉత్సవానికి కూడా వీధిలోకి రారు. ఫాల్గున మాసపు ఉత్తరానక్షత్రం నాడు స్వామియే ఆమె సన్నిధికి వస్తారు. భగవద్రామానుజులు గద్యత్రయంతో శరణాగతి చేసినది ఆ దివ్యదంపతులు కలసి ఉన్న ఆ వేళనే అని సంప్రదాయం. ఆ సన్నిధి ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

రెండవ దినం శిలాదుర్గం ఎక్కాను. కొండ నడుమ తాయుమానవర్ ఆలయం ఉంది. సంస్కృతంలో స్వామి పేరు మాతృభూతేశ్వరుడు. రత్నావతి అనే భక్తురాలికి ప్రసవసమయం ఆసన్నమైంది. తల్లి కావేరి ఆవలి ఒడ్డున, వరద వల్ల ఏరు దాటలేక ఆగిపోయింది. అప్పుడు పరమేశ్వరుడే ఆ తల్లి రూపంలో వచ్చి పురుడు పోశాడు. ఇంకా పైకి వెళ్ళే దారిలో 7వ శతాబ్ది ఆరంభంలో మహేంద్రవర్మ పల్లవుడు తొలిపించిన గుహాలయం ఉంది. అందులోని గంగాధరమూర్తి దగ్గరి సంస్కృత శాసనం ఒక చమత్కారం చెబుతుంది: నదీప్రియుడైన శివుడు కావేరిని చూసి మోహిస్తాడేమోనని శంకించి, పర్వతరాజపుత్రి పుట్టినిల్లు విడిచి ఈ కొండ మీదనే స్థిరనివాసం ఏర్పరచుకొన్నదట. చాలా కాలానికి నవ్వు వచ్చింది. కొండ కొన నుండి చూస్తే కావేరి, దాని ఆవల శ్రీరంగ గోపురాలు, కొంత తూర్పుగా కొబ్బరితోటల మధ్య జంబుకేశ్వరం కనిపించాయి.

మూడవ దినం మధ్యాహ్నానికి జంబుకేశ్వరం చేరాను. పంచభూతక్షేత్రాలలో ఇది జలక్షేత్రం. స్వామి వెలసిన చోట నీరు ఊరుతూనే ఉంటుంది. తొమ్మిది రంధ్రాలున్న గవాక్షం గుండా దర్శనం చేసుకోవాలి. అమ్మవారు కావేరీజలంతో లింగాన్ని చేసి అర్చించి, స్వామి వలన జ్ఞానోపదేశం పొందిన స్థలమిది. అందుచేత ఇక్కడ గురుశిష్యభావమే ప్రధానం. స్వామి పశ్చిమాభిముఖుడు, అమ్మవారు పూర్వాభిముఖి, పాఠం చెప్పే గురువూ వినే శిష్యురాలూ వలె. ఈ ఆలయంలో కల్యాణోత్సవం లేదు.

మధ్యాహ్నం అఖిలాండేశ్వరీ సన్నిధి నుండి అర్చకులు చీర ధరించి, కిరీటం పెట్టుకొని, వాద్యఘోషతో స్వామి సన్నిధికి వచ్చారు. అమ్మవారే వచ్చి స్వామిని అర్చిస్తున్నారన్న భావనతో అభిషేకం, గోపూజ జరిగాయి. ఆ అర్చకులు ఇంచుమించు నా వయస్సువారు. గర్భాలయం గడప ఇవతల నిలబడి చూస్తున్న నాకు అది వేషంగా తోచలేదు. ముందునాటి కొండ మీది కథ జ్ఞాపకం వచ్చింది. రాలేని తల్లి స్థానంలో స్వామి నిలిచాడు. ఇక్కడ అమ్మవారి స్థానంలో అర్చకుడు నిలిచాడు. లేనివారి పనిని భక్తితో చేసేవాడు, ఆ పని జరిగినంతసేపు వారికి అన్యుడు కాడు.

మా ఇంట్లో స్వామివారి మహానైవేద్యం వండినది ఎప్పుడూ ఆమెయే. నివేదనకు ముందు రుచి చూడరాదు కనుక, ఎసరు మరిగే శబ్దాన్ని బట్టి బియ్యం పోయవలసిన వేళను గ్రహించేది. చివరి నెలలలో నిలబడే శక్తి లేక వంటింటి గడప ప్రక్కన పీట మీద కూర్చుని, "ఇప్పుడు కాదు, వినండి... ఆఁ, ఇప్పుడు పోయండి" అని నా చేత వండించింది. ఈ సంవత్సరమంతా నేను ఆ శబ్దం వినే నైవేద్యం వండుతున్నాను. నలభై ఏళ్ళ స్వాధ్యాయం తరువాత నేను పొందిన ఉపదేశం అది. జంబుకేశ్వరంలో పతి గురువు, పత్ని శిష్యురాలు. మా ఇంట్లో అది తలక్రిందులైంది. యాజ్ఞవల్క్యుడు గృహం విడిచి వెళ్ళే వేళ మైత్రేయికి ఉపదేశించాడు. మా ఇంట్లో వెళ్ళే వేళ ఉపదేశించినది మైత్రేయి.

రెండవదానిని కోరడం సంసారమే, సందేహం లేదు. అయితే ఆ రెండవది తన కాలం తీరి తొలగేటప్పుడు మనలో ఒక విద్యగా నిలిచిపోతే, ఏకాకిత్వం ఏకాంతంగా మారుతుంది. ఏకాకికి ప్రక్కన ఎవరూ లేరు. ఏకాంతంలో ఉన్నవానికి వినవలసినది ఉంటుంది. కల్యాణం లేని ఆ క్షేత్రంలో నాకు కలిగిన బోధ ఇంతే. పీటల మీద కూర్చునే అధికారం పోయినా, నేర్చినదానిని ఆచరించే అధికారం మిగిలే ఉంది.

జీవితభాగస్వామిని కోల్పోయి, తీర్థయాత్రకు ఒంటరిగా వెళ్ళడానికి జంకుతున్న భక్తులకు ఒక విన్నపం. వెళ్ళండి. మొదటి దినం భయం ఉంటుంది, అది పోతుంది. రెండవ దినం వెలితి ఉంటుంది, దానిని తొందరపడి నింపకండి. వెళ్ళినవారు మీకు ఏమి నేర్పి వెళ్ళారో విచారించడానికి ఆ వెలితియే అవకాశం.

శుభం భూయాత్