సినిమాలో నాన్న అంతసేపు మాట్లాడాడేంటి?

మొన్న ఆదివారం పంజాగుట్టలో ఫస్ట్ షోకి వెళ్లాం, నేనూ మా రూమ్మేటూ. సినిమా పేరు చెప్పను. బాగుందా అంటే బాగుంది, లేదా అంటే లేదు, ఆ బాపతు. హీరో అమీర్‌పేట హాస్టల్లో ఉండి, మైత్రీవనం దగ్గర కోర్సు చేస్తూ ఉద్యోగం వెతుక్కుంటాడు. ఎనిమిది నెలలుగా నా కథా అదే. అందుకే వెళ్లాం.

మెట్రో పిల్లర్లు, గోడల నిండా జావా, పైథాన్ బోర్డులు, అన్నీ కరెక్టుగా చూపించారు. మనుషులు నోరు తెరిస్తేనే తేడా కొట్టింది. హాస్టల్లో ఆరుగురు కుర్రాళ్లుంటే ఆరుగురిదీ ఒకటే భాష! మా రూములో నలుగురం, నాలుగు యాసలు. నాది జగిత్యాల, మావాడిది శ్రీకాకుళం. మొదటి వారమంతా ఒకరి మాట ఒకరం రెండుసార్లు అడిగి తెలుసుకున్నాం.

ఇక అసలు సీను. హీరోకి ఇంటర్వ్యూ పోతుంది. ఊరి నుంచి నాన్న వస్తాడు. వచ్చి, ఓటమిని మెట్టుతో పోల్చి, మెట్టుని మనిషితో పోల్చి, మనిషిని మర్రిచెట్టు దాకా తీసుకెళ్తాడు. హీరో మధ్యలో "ఊఁ" అని కూడా అనడు. హాల్లో విజిల్స్. మావాడు నా చెవిలో, "మా నాన్న ఒక్కపాలి ఇన్ని మాటలంటే ఒంట్లో బాలేదేమో అనుకుంటాను మామా" అన్నాడు.

డైలాగు పుస్తకంలోలా ఉందని కాదు నా బాధ. 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు రాసిన మాటలు ఎవరింట్లోనూ వినం. 'తసమదీయులు' అని ఎవరంటారు? అయినా హాయిగా ఉంటుంది. 'పెళ్లిచూపులు' (2016)లో అన్నీ మన ఇళ్లలో మాటలే. వాటికి తరుణ్ భాస్కర్‌కి జాతీయ అవార్డు కూడా వచ్చింది. రెండింటిలోనూ ఒకరు అంటుంటే ఇంకొకరు వింటారు. ఈ సినిమాలో తండ్రి కొడుక్కి చెప్పట్లేదు, సీట్లలో ఉన్న మనకి చెప్తున్నాడు.

ఒక్క స్టేషనే కదా అని మెట్రో ఎక్కకుండా, డైలాగుల్ని తిట్టుకుంటూ అమీర్‌పేట దాకా నడిచాం. అప్పుడే ఇంటి నుంచి ఫోన్. రోజూ తొమ్మిదిన్నరకి వస్తుంది.

బాపు అడిగేవి రెండే ప్రశ్నలు. నేను చెప్పేవే డైలాగులు. "ప్రాసెస్‌లో ఉంది బాపూ, నెక్స్ట్ రౌండ్‌కి పిలుస్తారు." ముందే అనుకుని పెట్టుకుంటాను. మా యాస కూడా రాదు అందులో. శుక్రవారమే 'నాట్ సెలెక్టెడ్' అని మెయిల్ వచ్చింది. శనివారం కూడా అదే డైలాగు చెప్పాను. ఇప్పటిదాకా నేను తిట్టిన సినిమాకీ నాకూ తేడా ఏముంది?

"తిన్నవా?" అన్నాడు బాపు.

"ఇంకా తినలే. బాపూ... గా ఉద్యోగం రాలే."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. వెనక టీవీ సౌండు తగ్గింది.

"గట్లనా," అన్నాడు. మళ్లీ కాసేపు ఆగి, "పైసలున్నయా?"

"ఉన్నయ్ బాపూ."

"సరే. ముందుగాల తిను బిడ్డా."

అంతే. మావాడు ఏమైందని అడగలేదు. టిఫిన్ బండి దగ్గర ఆగి రెండు ప్లేట్లు చెప్పాడు.