గోడ మీద మ్యాటర్

గోడల మీద రాసే మా పనిలో మొట్టమొదట అడిగేది ఒక్కటే: "మ్యాటర్ ఏంది?" అంటే, రాయాల్సిన మాట ఏమిటని. రంగులు, కొలతలు, కూలి అన్నీ ఆ తర్వాతే. 1978 అసెంబ్లీ ఎన్నికలప్పుడు గోల్నాకలో మా ఉస్తాద్ దగ్గర డబ్బాలు కడిగే పిల్లగాడిగా చేరాను. అప్పటి నుంచి ఈ చేత్తో రాయని పార్టీ లేదు. పార్టీల చరిత్రను పుస్తకాలు చదివినవాళ్లు సిద్ధాంతాలతో చెబుతారు. నేను గుర్తులతో, రంగులతో, మ్యాటర్‌తో చెబుతాను.

ఆ ఏడాది ఉస్తాద్‌కు పెద్ద పరీక్ష కాంగ్రెస్ గుర్తు. ఆయన మొదట నేర్చుకున్నది జోడెడ్లు. 1969లో పార్టీ చీలాక ఆవూదూడ వచ్చింది. 1978 జనవరిలో మళ్లీ చీలిక, ఇందిరాగాంధీ పార్టీకి చెయ్యి గుర్తు. రెండో కాంగ్రెస్‌కు మన కాసు బ్రహ్మానందరెడ్డే అధ్యక్షుడు కాబట్టి దాన్ని రెడ్డి కాంగ్రెస్ అనేవాళ్లు. చెయ్యి గీయడం తేలికని నేననుకుంటుంటే ఉస్తాద్ నా వేళ్లు పట్టుకుని చూపించాడు: "వేళ్లు ఇడిపోతే ఆగుమన్నట్టు ఉంటది బేటా. దగ్గరికుంటే అభయమిచ్చినట్టు ఉంటది." ఇందిరా కాంగ్రెస్‌కు 175 సీట్లొచ్చాయి. మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు.

ఉస్తాద్‌కు చెన్నారెడ్డి పేరు కొత్త కాదు. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో తెలంగాణ ప్రజా సమితి కోసం ఆ పేరు రాసినవాడే. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీ తెలంగాణలోని 14 సీట్లలో 10 గెలిచింది, ఆ ఏడే కాంగ్రెస్‌లో కలిసిపోయింది. తనకు ఎదురు నిలబడ్డ పార్టీని కాంగ్రెస్ ఓడించక్కర్లేదు, లోపలికి తీసుకుంటే చాలు. ఆ విద్యలో కాంగ్రెస్‌ను మించినవాళ్లు చాలా ఏళ్లు లేరు.

1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించాక మా సంచుల్లోకి పసుపు పొడి ఎక్కువగా రావడం మొదలైంది. అంతకుముందు పసుపు మాకు అంచులకు, నీడలకు వాడే రంగు. తెల్లటి సున్నం పట్టీ మీద అది దూరానికి ఆనదు. ఎర్ర గీత చుట్టూ లాగితేనే అక్షరం లేచి నిలబడుతుంది. సైకిల్ గుర్తు ఇంకా కష్టం. మేకుకు దారం కట్టి రెండు చక్రాలు గీసుకోవాలి, ఆకులు సమంగా పడాలి. ఎన్ని సైకిళ్లు గీశానో! అయినా 1983 ఎన్నికలో ఆ పార్టీని గెలిపించింది గుర్తు కాదని, ఎన్టీఆర్ ముఖం ఒక్కటే కూడా కాదని నా నమ్మకం. గోడ మీద అంత బలమైన మ్యాటర్ అంతవరకూ లేదు: కిలో బియ్యం రెండు రూపాయలు. చదువు రానివాళ్లు కూడా ఎవరితోనో చదివించుకుని నిలబడేవాళ్లు. ముఖ్యమంత్రిగా ఉన్న కోట్ల విజయభాస్కరరెడ్డి ఎన్నికల ముందు రూపాయి తొంభై పైసలకే ఇస్తామన్నారు. అదీ మేమే రాశాం. సోషలిజం గురించి ఇందిరాగాంధీ కాలమంతా విన్న జనానికి, తెలుగువాళ్ల ఆత్మగౌరవం గురించి కొత్తగా వింటున్న జనానికి ఆ రెండు పార్టీల తేడా చివరికి పది పైసల దగ్గర తేలింది. దీన్ని తక్కువ చేసి చూసేవాళ్లతో నేను ఒప్పుకోను. సంక్షేమమే ఇక్కడి పార్టీల అసలు సిద్ధాంతమైంది అప్పుడే. 1983 జనవరిలో తెలుగుదేశం 200 సీట్లు దాటింది. ఆ తర్వాత ఎవరు పార్టీ పెట్టినా ముందు పథకం వెతుక్కున్నారు.

పార్టీల పని అట్లా ఉంటే, ఉస్మానియా విశ్వవిద్యాలయం క్యాంపస్ పద్ధతి వేరు. అంబర్‌పేట మీదుగా శివం రోడ్డు పట్టుకుని నిచ్చెన, డబ్బాలతో సైకిల్ మీద వెళ్లేవాళ్లం. విద్యార్థి సంఘాల ఎన్నికలుండే రోజుల్లో, అంటే 1980ల చివరి దాకా, ఎన్‌సీసీ గేటు వైపు నుంచి తార్నాక వైపు దాకా ఖాళీ గోడ దొరికేది కాదు. ఎర్రజెండా సంఘాలవాళ్లు మాకు పని ఇచ్చేవాళ్లు కాదు, తామే రాసుకునేవాళ్లు. ఎర్ర జాజు వానకు కొట్టుకుపోకుండా ఎంత తుమ్మబంక కలపాలో అడగడానికి మాత్రం వచ్చేవాళ్లు. వాళ్ల రాతల్లో ఒక వాక్యం గోడ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేది. కర్త, కర్మ, క్రియ, కారణం, డిమాండ్ అన్నీ ఉండేవి. అంత పొడుగు వాక్యాన్ని దారం కొట్టకుండా వంకర లేకుండా రాసే పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేసేది.

బయటివాళ్లకు ఎరుపంతా ఒకటే. మాకు కాదు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలాక ఒకరిది కంకి కొడవలి, ఇంకొకరిది సుత్తి కొడవలి నక్షత్రం. విద్యార్థి సంఘాల్లో ఏఐఎస్ఎఫ్ 1936 నాటిది, ఎస్ఎఫ్ఐ 1970లో వచ్చింది. 1972 ఏప్రిల్ 14న విద్యార్థి నాయకుడు జార్జిరెడ్డి హత్య ఇదే క్యాంపస్‌లో జరిగింది. ఆయన వెంట నడిచిన విద్యార్థుల నుంచే పీడీఎస్‌యూ వచ్చింది. ఏప్రిల్ వచ్చిందంటే ఆయన పేరు కొత్త జాజుతో కనిపించేది.

వీళ్లకు ఎదురు 1949 నాటి ఏబీవీపీ. ఎస్ఎఫ్ఐ తెల్ల జెండా మీద మూడు మాటలు: స్వాతంత్ర్యం, ప్రజాస్వామ్యం, సోషలిజం. ఏబీవీపీవీ మూడే: జ్ఞానం, శీలం, ఏకత. ఈ ఆరు మాటలు పక్కపక్కన రాసినవాడికి ఆ గొడవంతా ఎందుకో అర్థమవుతుంది. సమాజం మారితే మనిషి బాగుపడతాడని ఒకరు, మనిషి శీలం బాగుంటే దేశం బాగుపడుతుందని ఇంకొకరు. రాత్రి ఒకరు రాసినదాని మీద తెల్లారేసరికి ఇంకొకరు సున్నం కొట్టేవాళ్లు, కొన్నిసార్లు తారు పూసేవాళ్లు. దెబ్బలాటలూ జరిగాయి, రక్తాలూ కారాయి, వాటిని నేను మెచ్చను. కానీ ఆ పగలు మాటల మీద పుట్టినవి. అవతలివాడు ఏం రాశాడో ఆఖరి అక్షరం దాకా చదివాకే దాని మీద సున్నం పడేది.

1997లో గోడలు పాడుచేయకుండా చట్టం వచ్చింది. తర్వాత ఫ్లెక్సీ వచ్చి మా కూలి సగానికి పైగా తీసుకుపోయింది. అయినా చిన్న పనులు దొరికేవి. 2004లో కారూ చెయ్యీ పక్కపక్కన గీశాను, టీఆర్ఎస్‌కు 26 సీట్లొచ్చాయి. 2009లో అదే కారును సైకిల్ పక్కన గీశాను, 10 వచ్చాయి. కమ్యూనిస్టులు కూడా ఆ రెండుసార్లూ అటు నుంచి ఇటు మారారు. "అన్నా, పోయినసారి తిట్టింది ఈళ్లనే గదా?" అని మా శిష్యుడు అడిగితే, "తిట్టు తుడువు, గుర్తు ఉంచు" అన్నాను. 2001 ఏప్రిల్ 27న ప్రత్యేక తెలంగాణ అనే ఒక్క డిమాండ్ కోసం పుట్టిన టీఆర్ఎస్‌కు ఎవరి పక్కన నిలబడ్డా ఆ డిమాండే మ్యాటర్, అందుకే జనం ఓర్చుకున్నారు.

2009 డిసెంబర్‌లో తెలంగాణ ఉద్యమం ఉధృతమయ్యాక క్యాంపస్‌లో నేను అంతకుముందెప్పుడూ చూడనిది చూశాను. ఎరుపు, కాషాయం, గులాబీ, ఎవరి రంగు వాళ్లదే, మ్యాటర్ మాత్రం అందరిదీ రెండు మాటలు: జై తెలంగాణ. ఎవరూ ఎవరి రాతా తుడవలేదు.

తెలంగాణ రాష్ట్రం వచ్చాక మ్యాటర్ చిక్కిపోయింది. పనికి పిలిచేవాళ్లు నాయకుడి ఫొటో ఫోన్లో పంపుతారు, పేరు, పుట్టినరోజు, కింద డబ్బిచ్చినవాళ్ల వరస ముఖాలు. ఏ పార్టీ అయినా ఇదే. 2022 మునుగోడు ఉప ఎన్నికలో రోడ్డు రోలర్ గుర్తు తమ కారులా కనబడుతోందని టీఆర్ఎస్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేసింది. గీసినవాడిగా చెబుతున్నా, దూరం నుంచి ఆ పోలిక నిజమే. కానీ ఓటరు బొమ్మను పోల్చుకోవడం తప్ప వేరే ఆధారం లేని స్థితికి వచ్చాడంటే గోడ మీద మాట కరువైందనే నా బాధ. ఆ ఏడే టీఆర్ఎస్ తన పేరులోంచి తెలంగాణను తీసి భారత్ పెట్టుకుని బీఆర్ఎస్ అయింది. మరుసటి ఏడు కాంగ్రెస్ ఆరు గ్యారంటీలను జనంలోకి తీసుకెళ్లి 64 సీట్లు గెలిచింది, బీఆర్ఎస్ 39 దగ్గర ఆగింది. ఓటమికి కారణాలు చాలా ఉండొచ్చు. రాసేవాడిగా నాకు కనబడింది, మ్యాటర్ ఉన్నవాళ్లు గెలిచారని.

2025 మార్చిలో విభాగాల్లో, కార్యాలయాల్లో ధర్నాలు, నినాదాలు చేయరాదని విశ్వవిద్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. ఒకరి మీద ఒకరు సున్నం కొట్టుకున్న సంఘాలే దాన్ని తప్పుపట్టాయి. ఆ వారంలో పగవాళ్లనదగ్గ రెండు సంఘాల పిల్లలు వేరువేరుగా నా దగ్గరికి గుడ్డ బ్యానర్ల కోసం వచ్చారు. అడిగాను, మ్యాటర్ ఏందని. ఇద్దరూ కాగితం మీద పూర్తి వాక్యం రాసుకొచ్చారు. ఎవరి వాక్యం వాళ్లదే, ఎవరి వాదన వాళ్లదే. ఇద్దరి దగ్గరా రంగు డబ్బులే తీసుకున్నాను.