సూర్యాపేటలో కొత్త బారూ, నాటుకోడి పులుసూ!

హైదరాబాదుకూ విజయవాడకూ సరిగ్గా నట్టనడుమ ఉన్న ఊరు సూర్యాపేట. అటు వెళ్ళేవారూ ఇటు వెళ్ళేవారూ ఇక్కడ బండి ఆపి ఓ టీ తాగందే కదలరు. గాంధీనగరంలో డిస్ట్రిబ్యూటర్ల చుట్టూ తిరిగిన నిర్మాతలకైతే ఈ రోడ్డు కొట్టినపిండి. అప్పుడది 9వ నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు 65.

రోడ్డు పక్క తిండికేం కొదవలేదు గానీ, మేం వెళ్ళింది అక్కడికి కాదు. ఊరి లోపల, ఇళ్ళ మధ్య సందులో కొత్తగా తెరిచిన ఓ బార్ అండ్ రెస్టారెంటుకి. గుమ్మానికి కట్టిన బంతిపూల దండ ఇంకా పూర్తిగా వాడనేలేదు!

లోపల ఒకటే చలి. మిట్టమధ్యాహ్నాన్ని అర్ధరాత్రి చేసేశారు. నీలం దీపాలూ, నల్లటి అద్దాలూ... రాజనాల వచ్చి కూర్చుంటే చాలు, షాటు రెడీ.

"ఏం దెమ్మంటరు సార్?" అన్నాడు కుర్రాడు.

"భోజనం" అన్నాం. పాపం, చిన్నబుచ్చుకున్నాడు. సీసా లేని బల్ల అతని లెక్కలో బేరమే కాదు మరి! అయినా మర్యాద తప్పలేదు. ఉడికించిన పల్లీలమీద ఉల్లిపాయా, పచ్చిమిర్చీ, నిమ్మరసమూ చల్లి తెచ్చాడు. తర్వాత బోటీ వేపుడు. శుభ్రంగా కడిగి, మెత్తగా ఉడికించి, కరివేపాకుతో వేయించారు. వంటమనిషి ఎవరోగానీ చెయ్యి మంచిది. నాటుకోడి పులుసు ఘాటుకి ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి. జొన్నరొట్టె మాత్రం చల్లారి అట్టముక్కలా ఉంది. చివర్న పెరుగన్నం. అన్నట్టు, 'దేవదాసు' (1953)లో ఆ మత్తుకళ్ళు మందుతో వచ్చినవి కావనీ, రాత్రిపూట పెరుగన్నం తిని నటించాననీ అక్కినేని చెప్పుకునేవారు. మాకూ కళ్ళు మూతలుపడ్డాయి!

పక్క బల్ల దగ్గర నలుగురు మిత్రులు. ఒకతని చొక్కామీద సిమెంటు మరకలు, ఇంకొకతనిది ఇస్త్రీ నలగని చొక్కా. చేతులు మాత్రం ఒకే ప్లేటులో. 2023లో వచ్చిన 'దసరా'లో సిల్కు బారు గుర్తుందిగా? లోపల కూర్చునేదెవరో, గుమ్మం బయట నిలబడేదెవరో కులమే తేల్చే చోటది. 1940లలో దొరల గడీలమీద తిరగబడిన తాలూకా ఇది. ఇక్కడ బిల్లు కట్టగలిగినవాడికి కుర్చీ ఉంది. చిన్న సంగతేం కాదు.

మరి ఆడవాళ్ళో? 'ఫ్యామిలీ' అని రాసిన గదిలోకి తొంగిచూశాం. కూల్‌డ్రింకు క్రేట్లున్నాయి. బయట ఆటోలో ఓ ఇల్లాలు పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన లోపల ఉన్నాడు, బిర్యానీ పార్సిలు కోసమట. ఎంతసేపని అడిగితే, "గంటాయె" అంది.

ఆ గది నిండాలని కోరుకోవాలా, వద్దా? 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ మంట రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా పోయింది. 1995 జనవరిలో రామారావుగారు మద్యనిషేధమే పెట్టారు. 1997లో అదీ సడలింది. కూలి డబ్బులు ఎటు పోతున్నాయో వాళ్ళకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? రుచులెంత బాగున్నా, ఆటోలో ఆ గంట కూడా ఈ బిల్లులో పడాల్సిందే.

తమాషా ఏమిటంటే, ఊరు దాటి తాటివనంలోకి వెళ్తే ఆ అద్దాల తలుపే లేదు. చెట్ల కింద మగవాళ్ళ సరసనే ముసలమ్మలు కూర్చుని, తాటాకు రేక పట్టి కల్లు తాగుతున్నారు. నడుమ గుడాలు. ఎవరూ వింతగా చూడటంలేదు.

"కొత్త బారు చూశావా పెద్దమ్మా?" అని అడిగాం.

"గా సల్లటి అర్రల కూసుంటె కల్లు దిగుతదా బిడ్డా?" అంది, రేక మళ్ళీ చాపుతూ.

లొట్టి వంచి పోసిన గౌడన్న, మోకు భుజాన వేసుకుని ఇంకో చెట్టువైపు నడిచాడు.