కాలిబంతి జట్లును, వాని పెద్దలును

ఉద్యోగపర్వమున దుర్యోధనుడు భీష్ముని చెంత జేరి, ఇరుసేనలలో రథు లెవ్వరు, అతిరథు లెవ్వరు అని యడిగి తెలిసికొనిన ఘట్టమును సోదరీమణు లెఱుగుదురు. మా యింట నట్టి లెక్క శనివారపు రాత్రులందు జరుగుచుండును. ఇంగ్లండు దేశపు ప్రీమియర్ లీగు కాలిబంతి పందెములను టెలివిజనులో జూచుచు మావారును, పెద్దబ్బాయియు ఏ క్లబ్బున నెట్టి యోధులు గలరో, వారి శిక్షకుని తీరెట్టిదో వాదించుకొందురు. వినగా వినగా నిది ఇల్లు నడుపుటకు సంబంధించిన చర్చయే యని మాకు దోచినది. కావున మేమును ఒక మాట చెప్పవచ్చును గదా!

బలగమే ప్రధానమని మావారి మతము. మాంచెస్టరు సిటీ క్లబ్బు 2008లో అబూదాబీ ప్రభువుల ధనము చేజిక్కినది మొదలు ఎట్లు పైకి వచ్చెనో చూడుమందురు. మావాడు మాత్రము సేనను విడిచి కృష్ణుని గోరుకొనిన అర్జునుని పక్షము. వాని కాధారము లెస్టరు సిటీ. 2015 ఆగస్టులో ఆ క్లబ్బు లీగు గెలుచునని పందెము కాచిన వారికి ఒకటికి 5000 ఇత్తుమని పందెగాండ్రు చెప్పిరట! అందలి మహ్రెజ్ సుమారు నాలుగైదు లక్షల పౌండ్లకు వచ్చినవాడు. వార్డీ కొన్నియేండ్లకు ముందు కర్మాగారమున వైద్యమునకు వాడు బద్దలు చేసినవాడు. అట్టివారితో రనియెరి యను ఇటలీ పెద్దమనిషి 2016లో లీగు గెలిచెను. రెండవదియైన ఆర్సెనల్ 10 పాయింట్లు వెనుకబడినది.

ఈ రనియెరి చేసిన పని యొకటి మాకు మిక్కిలి నచ్చినది. ఒక్క పందెమున నైనను ఎదుటివారికి గోలు ఇయ్యకున్నచో పిజ్జా పెట్టింతునని పిల్లలకు ఆశ చూపినట్లు చూపెను. 2015 అక్టోబరులో వారట్లే గెలిచిరి. అప్పుడు వారిని భోజనశాలకు గొనిపోయి, పిండి వారిచేతనే ఒత్తించి, వారి పిజ్జా వారిచేతనే చేయించెను. (మా యింటి మగవారికి ఈ భాగము చదివి వినిపించితిమి, ఎవ్వరును పలుకలేదు.) అయినను కిరీటము దెచ్చిన యా ముసలాయనను ఆ క్లబ్బువారే 2017 ఫిబ్రవరిలో తొలగించిరి. ఈ సంగతి మావాడు తనంత దాను చెప్పడు.

సిటీకి 2016లో వచ్చిన గ్వార్డియోలా తీరు వేఱు. బరువు హెచ్చినవారికి జట్టుతోడి సాధన లేదు, పిజ్జా అసలే లేదు. గోలుకీపరు సైతము పాదములతో బంతి నందింపవలె ననెను. ఇంగ్లండు జట్టుకు గోలు కాచిన జో హార్ట్‌కు అది చాలదని ఆ యేడే ఇటలీకి బంపివేసెను. ఫలమును గొప్పదియే: 2018లో 100 పాయింట్లు, 2021 నుండి 2024 వఱకు వరుసగా నాలుగు లీగులు. పోపులపెట్టెలో ఏ గిన్నె యెచ్చట నున్నదో చీకటిలో నైనను చేయి యెఱిగినట్లుండును వారి యాట. కాని 2024 సెప్టెంబరులో నడుమ నాడు రోద్రికి మోకాలు దెబ్బతినగా ఆ పెట్టె యంతయు దారుమాఱైనది. ఆ యేడు మూడవ స్థానమే దక్కినది.

లివర్పూలు పెద్దయైన క్లాప్‌ది మఱియొక మార్గము. బంతి పోయిన క్షణముననే అందఱును దాని వెంటబడవలెను. అంతటి పరుగునకు తిండి ముఖ్యమని 2016లో మోనా నెమ్మర్ అను నామెను జర్మనీనుండి రప్పించి వంటశాల నప్పగించెను. 2019లో ఈ జట్టు 97 పాయింట్లు గడించియు, 98 గడించిన సిటీ వెనుక నిలిచినది. 2024లో క్లాప్ తనకు సత్తువ తఱిగినదని చెప్పి వెడలిపోయెను. స్లాట్ అను క్రొత్తయాయన వచ్చి, ఇంచుమించు ఆ యాటగాండ్రతోనే మఱుసటి యేడు లీగు గెలిచెను. అత్తగారు పెట్టిన ఊరగాయతో కోడలు విందు చేసినట్లున్నది గదా! మెప్పెవరిదో మావారును మావాడును నేటికిని తేల్చలేదు.

మా దృష్టి మాత్రము ఆడువారిపై గాక, బయట కూర్చున్నవారిపై నిలిచినది. 2019 మే 7న లివర్పూలు బార్సిలోనాతో ఆడవలసి వచ్చెను. మొదటి పందెమున 3 గోల్సు తేడాతో ఓడియుండిరి. సలా, ఫిర్మీనో అను ప్రధాన యోధు లిద్దఱును గాయపడిరి. ఆనాడు 4 గోల్సు కొట్టి గెలిచిరి. రెండు ఒరీగీవి, ఏడాది పొడుగున నెక్కువగా బయట కూర్చున్నవాడు. తక్కిన రెండు వైనాల్డమ్‌వి. సగమాట గడచిన పిదపనే దిగెను. తన్ను బయట నుంచినందుకు శిక్షకునిపై మిక్కిలి కోపము వచ్చినదని అతడే పిదప జెప్పెను.

ఇది మేమింతగా పట్టించుకొనుటకు గారణము గలదు. మావారు పాఠశాలలో పంతులు. జట్టు నెన్నువారును వారే. ఈ యేడు మావానిని పదునొకండుగురిలో జేర్చలేదు. వానికంటె చాకలిపేట కుఱ్ఱవాడు వడిగా బరుగెత్తునని మేమును విన్నాము. ఎంపికపై మాకు వివాదము లేదు. కాని పేర్లు చదువునప్పుడు, “నీకు కాలొక్కటే పనిచేయును” అని పిల్లలందఱి యెదుట ననిరట. భీష్ముడు నిండుసభలో కర్ణుని అర్ధరథు డనెను. ఆ మాటతో పది దినములు కౌరవులకు కర్ణుడు లేకపోయెను. మావాడును అన్నము కడ తండ్రితో మాటలాడుట మానెను. టెలివిజను చర్చయు నిలిచినది.

ఆ రాత్రి మేము మావారితో ఈ మాటయే చెప్పితిమి. వారు బదులాడలేదు. మూడవనాటి సాయంకాలము బంతి చంకనిడుకొని, “రా, ఎడమకాలి సంగతి చూతము” అని వీథిలోనుండి పిలిచిరి. మావాడు కొంతసేపు కదలలేదు. పిమ్మట బూట్లు వెదకికొనెను. పొరుగూరి బడితో ఆట వచ్చు ఆదివారము. జాబితాలో వాని పేరు ఇప్పటికిని పండ్రెండవదియే.