అచ్చులు కలిసే ప్రాస

గ్రనాడాలో రెయలేహో పేట ఇరుకు సందుల్లో, విదేశీయులకు స్పానిష్ నేర్పే ఒక తరగతిలో ఉదయమంతా కూర్చున్నాను. ఆ పూట కవిత్వ పాఠం. టీచరు బోర్డు మీద మూడు మాటలు రాశారు: లూనా, ప్లూమా, దూదా. చందమామ, ఈక, సందేహం. "వీటిలో కలిసిందేమిటి?" అని అడిగారు.

హల్లులు కలవలేదు. ఊ, ఆ అనే అచ్చులే కలిశాయి. 'రొమాన్సే' ఛందస్సు నడిచేది దీనిమీదే. పాదానికి 8 అక్షరాలు. సరి పాదాల చివర, ఊనిక పడే చోటు నుంచి అచ్చులు కలవాలి. ఈ సీమ కవి లోర్కా 1928లో తెచ్చిన 'రొమాన్సెరో హితానో' కవితల్లో చాలావాటి నడక ఇదే. మన పద్యంలో ప్రాస దీనికి సరిగ్గా తలకిందులు. రెండో అక్షరంలో హల్లు నిలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు.

ఇంగ్లీషులో పెరిగినవాళ్ళు ఊనిక లేని అచ్చును నలిపేస్తారు. స్పానిష్‌లో లింగమేదో, క్రియకు కర్త ఎవరో చాలాసార్లు చెప్పేది ఆ చివరి అచ్చే. అది నలిగితే ప్రాస చెడుతుంది, ఆ సంగతి చెవికి వెంటనే తెలుస్తుంది. ఇంకెవరూ దిద్దనక్కర్లేదు.

తర్వాత అక్షరాల లెక్క. "లా లూనా బ్లాంకా ఎంత్రా ఎన్ కాసా": తెల్లని చందమామ ఇంట్లోకి వస్తోంది. మాటలు విడదీస్తే 10 అక్షరాలు, కలిపి పలికితే 8. పక్కపక్కన పడ్డ అచ్చులు రెండు చోట్ల ఒకే అక్షరంలో ఇమిడిపోతాయి. దీన్ని 'సినలేఫా' అంటారు. సంధి మాట్లాడే నోళ్ళు మనవి కనుక నాకు తేలిగ్గానే పట్టుబడింది. బల్ల మీద తాళం వేస్తూ మళ్ళీ మళ్ళీ 10 దగ్గరే ఆగిన జపాన్ అమ్మాయి, 8 కుదరగానే "బజార్లో వాళ్ళ మాటలు ఎందుకు విడిపడవో ఇప్పుడర్థమైంది" అంది.

కవితను పాఠం చివర తీరిక పేజీగా పెట్టే పుస్తకాలంటే నాకు కోపం. ప్రతీకలకు పదసంపద కావాలి, నిజమే. లయకు పది మాటలు చాలు. మొదటి వారంలోనే మొదలుపెట్టొచ్చు.

మధ్యాహ్నం అందరం ఉవెర్తా దె సాన్ విసెంతెకి వెళ్ళాం. 1926 నుంచి 1936 దాకా లోర్కా కుటుంబం వేసవులు గడిపిన ఇల్లు అది. 1995 నుంచి మ్యూజియం. బయట పార్కులో విద్యార్థులు తలా రెండు పాదాలు కట్టి చదివారు. టీచరు ఎవరినీ భావం అడగలేదు. చివరి అచ్చు నలిగిన చోటల్లా ఆపి, మళ్ళీ చదివించారు.