ఒకటిన్నర రోజు బడి, ముప్పైకి పైగా నవలలు



మా రూములో నలుగురం. నలుగురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. క్లాసులో లేచి మాట్లాడమంటే వెనక బెంచీకి జరుగుతాం. యాసకి నవ్వుతారని భయం. అందుకే ఈసారి అన్నాభావు సాఠే గురించి రాస్తున్నాం.

అసలు పేరు తుకారాం. 1920 ఆగస్టు 1న మహారాష్ట్రలోని వాటేగావ్‌లో మాంగ్ కులంలో పుట్టాడు. బడికి వెళ్ళింది ఒకటిన్నర రోజేనట. కరువులో తండ్రితో కలిసి ఊరి నుంచి ముంబై దాకా నడిచే వెళ్ళాడు. మిల్లులో కూలి చేశాడు. దుకాణాల బోర్డులు, గోడ మీది పోస్టర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాడని చెప్తారు. తర్వాత ఎర్రజెండా కళాకారుడై, కార్మికవాడల్లో డప్పు పట్టి పాడాడు. ఘాట్‌కోపర్ మురికివాడలో ఉంటూనే ముప్పైకి పైగా నవలలు రాశాడు. 1969లో చనిపోయేనాటికీ పేదరికం ఆయన్ని వదల్లేదు.

1959లో వచ్చిన 'ఫకీరా' నవలని అంబేడ్కర్‌కి అంకితమిచ్చాడు. మహారాష్ట్ర ప్రభుత్వ బహుమతి కూడా వచ్చింది. కరువులో జనం చస్తుంటే ఫకీరా ధాన్యం కొల్లగొట్టి పంచుతాడు. తెల్లోడి కాగితంలో అతను దొంగ. అన్నాభావు కథలో వీరుడు.

ఈ ముక్క దగ్గర మా రూములో అందరం కాసేపు మాట్లాడలేదు. నేరస్థ తెగల చట్టం మాంగ్‌లనే కాదు, మన ఎరుకల వాళ్ళనీ పుట్టుకతోనే దొంగలని రాసింది. స్టువర్టుపురం సెటిల్‌మెంటు అట్లా పుట్టిందే. మాలో ఒకడి ముత్తాత రోజూ హాజరు వేయించుకున్నోడే. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే నాయనమ్మ "ఆ మాటలెందుకు రా" అని లేచిపోతుంది. 1952లో చట్టం పోయింది గానీ ఆ సిగ్గు ఇంకా ఇంట్లోనే ఉంది. మన తాతల గురించి పోలీసు రికార్డు ఉంది. మనం రాసిన పేజీ ఒక్కటీ లేదు.

2002లో అన్నాభావు బొమ్మతో తపాలా బిళ్ళ వేశారు. మాస్కోలో విగ్రహం కూడా ఉంది. అవన్నీ తర్వాత వచ్చినవి. ముందు ఆయన తనవాళ్ళ గురించి తనే రాశాడు.

మనకి ఒకటిన్నర రోజు కాదు, పద్నాలుగేళ్ళ చదువుంది. ఈ సెలవులకి ఊరికి పోయినప్పుడు ఒక్క ముసలమ్మ దగ్గరైనా కూర్చుందాం. ఆమె మాట ఆమె యాసలోనే రాసుకొద్దాం. తప్పులుంటే దిద్దుకుందాం, రాయకుండా మాత్రం ఉండొద్దు. మేం నాయనమ్మతోనే మొదలుపెడుతున్నాం. ఆమె లేచిపోతే మళ్ళీ కూర్చునేదాకా ఆగుతాం.