చేపకు పొగపెట్టే పెట్టె

బాలలూ! ఎండుచేపలను మీలో చాలామంది చూసే వుంటారు. ఉప్పు పట్టించి ఇసుకమీదనో, వలమీదనో పరిచి ఎండబెడతారు. ఎండ కాసినన్నాళ్ళూ ఈ పని హాయిగా సాగుతుంది. మరి ముసురు పట్టితే? చేప ఎండదు; కుళ్ళిపోతుంది. అటువంటి రోజుల్లో మనిషికి సాయపడింది పొగ.

పొగ చేపను ఎలా కాపాడుతుందో ముందు చెబుతాను. చేప కుళ్ళటమంటే కంటికి కనిపించని సూక్ష్మజీవులు దాన్ని తినెయ్యటమే. అవి బతకాలంటే నీరు కావాలి. ఉప్పు చేపలోని నీటిని కొంత లాగుతుంది. నిప్పు వేడి మరికొంత ఆవిరి చేస్తుంది. ఇక కట్టె మంట లేకుండా రగిలేటప్పుడు వచ్చే పొగలో ఫినాలులు, ఆమ్లాలు, ఫార్మాల్డిహైడు వంటి పదార్థాలుంటాయి. అవి చేప ఒంటికి పట్టి సూక్ష్మజీవులను పెరగనివ్వవు. చేపకు వచ్చే బంగారు రంగూ, కమ్మని వాసనా కూడా పొగ ఇచ్చినవే.

ఈ విద్య చాలా దేశాల్లో వున్నది. మన లక్షదీవుల్లోని మినికాయ్‌లో ట్యూనా చేపను ఉడకబెట్టి, పొగపెట్టి, తరవాత ఎండబెడతారు. అది కర్రముక్కలా గట్టిపడి నెలల తరబడి నిలవ వుంటుంది.

ఆఫ్రికాలో ఘనా దేశం వున్నది. దాని రాజధాని అక్రా ప్రక్కనే, సముద్రపుటొడ్డున, చోర్కోర్ అనే చోటున్నది. అక్కడి స్త్రీలు పూర్వం గుండ్రని మట్టిపొయ్యిలమీద చేపలకు పొగపెట్టేవారు. చేపలను పొరలు పొరలుగా పేర్చేవారు గనక, అడుగువి మాడకుండా, పైవి పచ్చిగా వుండిపోకుండా చేతులతో మాటిమాటికీ తిరగెయ్యవలసి వచ్చేది. చేతులు కాలేవి, కళ్ళు మండేవి, రొమ్ము నిండా పొగే. 1969 ప్రాంతంలో ఐక్యరాజ్య సమితివారి ఆహార వ్యవసాయ సంస్థా, ఘనా ఆహార పరిశోధన సంస్థా ఆ స్త్రీలతో కలిసి కూర్చుని ఆలోచించి, ఒక కొత్త పొయ్యి తయారు చేశారు. అదేమంత గొప్ప యంత్రం కాదు. నలుచదరపు పొయ్యి కట్టి, దానిమీద పళ్ళాలు పేర్చారు. ఒక్కొక్క పళ్ళెం అంటే చెక్క చట్రానికి బిగించిన తీగెల జాలీ. ఒకదానిమీద ఒకటి పెట్టేసరికి ఆ చట్రాలే గోడలైనాయి! వేరే గది అక్కరలేకుండానే పొగ వాటి మధ్య నిలిచింది. చేపలను తిరగెయ్యటానికి బదులు పళ్ళాలను అటూ ఇటూ మారిస్తే చాలు. కట్టెల ఖర్చు కూడా తగ్గింది.

నాకు ఆ పళ్ళాల ఉపాయం ఎంతో నచ్చింది. కాని ఆ పొయ్యిని సైకిలు వెనక కట్టుకుని పోలేము గదా! అందుకని ఆ ఉపాయంతోనే, ఒక చేత్తో ఎత్తుకుపోగలిగేటంత చిన్న పెట్టె చేయించాను. దాని కొలతలు వినండి: ఎత్తు 45 సెంటీమీటర్లు, అన్ని వైపులా వెడల్పు 30 సెంటీమీటర్లు. అడుగున నిప్పుల మూకుడు. దానిపైన నూనె పట్టే పళ్ళెం. ఆ పైన రెండు జాలీ పళ్ళాలు. అడుగు ప్రక్కన గాలికి నాలుగు బెజ్జాలు, మూతకు పొగ పోవటానికి నాలుగు బెజ్జాలు. అడుగు బెజ్జాలను మూసీ తెరిచీ చేసుకోవటానికి ఒక రేకుముక్క. ఇంతే.

పెట్టె చేయించుకున్నా, కొనుక్కున్నా మూడు సంగతులు చూడాలి.

మొదటిది రేకు. రంగు వేసిన డబ్బా పనికిరాదు. జింకుపూత రేకు కూడా నిప్పు తగిలేచోట వద్దు. బాగా వేడెక్కితే దానినుంచి వచ్చే ఆవిరి మనిషికి జ్వరం తెప్పిస్తుంది. మందులు, రసాయనాలు పోసిన డబ్బాను ఎంత కడిగినా ముట్టవద్దు. మామూలు ఇనుపరేకు గాని, స్టెయిన్‌లెస్ స్టీలు గాని మంచిది. కొత్తపెట్టెలో చేప పెట్టకముందు ఒకసారి ఖాళీగా నిప్పు వేసి కాల్చాలి.

రెండవది నూనె పళ్ళెం. ఇది చిన్నవస్తువని తీసిపారెయ్యకండి. చేపకొవ్వు కరిగి నిప్పుల్లో పడితే భగ్గున మండి, నల్లటి పొగ లేస్తుంది. ఆ పొగలో బెంజోపైరీన్ వంటి, క్యాన్సరు కలిగించే పదార్థాలుంటాయి. అవి చేపకు పట్టుకుంటాయి. 2008లో సెనెగల్ దేశంలోని తియరోయ్‌లో, చోర్కోర్ పొయ్యిని మరింత బాగుచేసినప్పుడు దానికి చేర్చిన ముఖ్యమైన భాగాల్లో ఈ కొవ్వు పట్టే పళ్ళెం ఒకటి.

మూడవది గాలిబెజ్జాలు. నా పెట్టెను చూసి మా వీధికి చేపలు తెచ్చే అవ్వ ముందు ఈ బెజ్జాలనే తడిమింది.

"బాబూ! చేపను పొగ ఎరుపు చెయ్యాలి గాని మంట కాదు. ఇవి మూసుకునే వీలుందా?" అని అడిగింది.

రేకుముక్కను జరిపి చూపించాను. అవ్వ తల వూపి, "అయితే సరే. నా చిన్నప్పుడు మా అమ్మకి ఇటువంటిది వుంటే చివరికాలంలో అంత దగ్గు దగ్గేది కాదు," అన్నది. ఆ తరవాత ఆమె మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

ఇక చేప సంగతి. నేను కానాగంతలు తీసుకుంటాను. వీటికే కనగుర్త అని కూడా పేరు. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే ఆయన విశాఖపట్టణంలో సేకరించిన 200 చేపలకు బొమ్మలు వేయించి, తెలుగు పేర్లతో సహా పుస్తకం అచ్చువేశాడు. దాన్ని చూసి 1816లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఈ చేపకు మన పేరే పెట్టాడు. అందుచేత ఈనాటికీ ప్రపంచమంతా దీన్ని "రాస్ట్రెలిగర్ కనగుర్త" అంటుంది!

అమ్మానాన్నలు ఒక్కమాట గుర్తుంచుకోవాలి. కానాగంత, ట్యూనా వంటి చేపలు ఐసు లేకుండా ఎండలో వుంటే వాటిలో హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. అది ఒకసారి పుట్టిందంటే వండినా పోదు, పొగపెట్టినా పోదు. కనక పొగ పాతచేపను కొత్తది చెయ్యలేదు. తాజాచేపే తీసుకోవాలి.

చేపను శుభ్రం చేసి, లీటరు నీటికి 80 గ్రాముల ఉప్పు కలిపి అరగంట నానబెడతాను. తీసి, తుడిచి, పైచర్మం వేలికి అంటుకునేటట్లు అయ్యేదాకా నీడలో గాలికి ఆరబెడతాను. తడి చేపకు మసి పడుతుంది. ఆరిన చేపకు పొగ సమంగా పడుతుంది. మామిడికట్టె, సరుగుడు, కొబ్బరిచిప్ప మంచివి. జిగురు కారే దేవదారు జాతి కట్టె, ప్లైవుడ్డు, రంగు పూసిన చెక్క పనికిరావు. నిప్పులమీద ముక్కలు చల్లి బెజ్జాలు సగం మూస్తే పలచని పొగ పుడుతుంది. గంటన్నర, రెండు గంటలు పడుతుంది. చేప నడిమి భాగంలో వేడి కనీసం 63 డిగ్రీలకు చేరాలి. వంటింటి థర్మామీటరు గుచ్చి చూస్తాను. ఇలా చేసిన చేప మినికాయ్ చేపలా నెలలు నిలవ వుండదు. ఆ పూటే తినాలి, లేదా చల్లని పెట్టెలో పెట్టి రెండు మూడు రోజుల్లో ముగించాలి.

పిల్లలూ! నిప్పు ముట్టించే పని పెద్దలది. పెట్టెను ఎన్నడూ ఇంట్లోగాని, పాకలోగాని వెలిగించకూడదు. కనిపించే పొగతోపాటు కార్బన్ మోనాక్సైడు అనే కనిపించని వాయువు కూడా వస్తుంది. అది ప్రాణం తీస్తుంది. ఆరుబయట పెట్టి, గాలి ఎటు వీస్తున్నదో చూసుకుని, గాలి వచ్చే వైపునే నిలబడాలి. గాలి ఎటున్నదో కనిపెట్టటం మాత్రం మీ పని. చిటికెడు ఇసుక పైకి ఎగరేస్తే అదే చెబుతుంది.

ఎవరైనా మీకు పొగపెట్టె చూపించి మంచిదేనా అని అడిగితే, చేప ఎంత రుచిగా వచ్చిందని మాత్రమే చూడకండి. దాని దగ్గర నిలబడ్డ మనిషి కళ్ళు కూడా చూడండి. చేప ఎర్రబడి, ఆ కళ్ళు ఎర్రబడకపోతే అది మంచి పెట్టె.